నాలుగు లక్షల ఓబులేసులు

నా ఎడమచెవి వెనక ఒక దురద ఉండేది. పులిని కదిలించే ముందు మాత్రమే పుట్టేది. గోక్కుంటే గానీ పులి కదిలేది కాదు. ఒక వేసవిలో ఆ దురద నన్ను వదిలేసి దేశాలు పట్టుకుని పోయింది. బ్రెజిల్‌లో సెలూన్ నడిపే ఒటావియో చెవికి కొంత చేరింది. కెన్యాలో బస్సు కండక్టరు వంజీరు చెవికి కొంత చేరింది. పోలండులో ఒక పళ్ల డాక్టరు, రోగిని నోరు తెరిచి ఉంచమని చెప్పి, తన చెవి గోక్కుంటూ పావుగంట నిలబడిపోయాడట. మొత్తం నాలుగు లక్షల పన్నెండు వేల మంది. ఇందులో నేను కలిపిందేమైనా ఉంటే ఆ పన్నెండు వేలే. నాలుగు లక్షలు మాత్రం నిజం.

నా పేరు ఓబులేసు. మాది జమ్మలమడుగు దగ్గర నల్లగుండ్లపల్లె. నలభై ఏళ్లు నాపరాళ్ల గనిలో బండలు కోశాను. చదువు మా ఊరి బడిలో ఐదో తరగతి. ఆరో తరగతి బడి వాగు అవతల ఉండేది, ఆ వాగు నన్ను దాటనివ్వలేదు. వాగులో ఏడాదికి నాలుగు రోజులే నీళ్లుండేవని మా ఆవిడ సుంకులమ్మ అంటుంది. ఆమె మాటలు మీరు పట్టించుకోకండి.

మా అరుగు మీద ఒక నాపబండ ఉంది. దాని మీద పులిజూదం గీతలు నేనే ఉలితో చెక్కాను. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి అవతల ఖాళీగా ఉన్న చోట పడితే ఆ మేక చచ్చినట్టు. మేకలన్నీ చుట్టుముట్టి మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. పులులకు మూడు రాతిపెచ్చులు, మేకలకు చింతగింజలు. మధ్యాహ్నం సంగటి తిని చెయ్యి కడుక్కున్నాక నేను పులులు తీసుకునేవాణ్ని, సుంకులమ్మ మేకలు తీసుకునేది. యాభై ఏళ్లు ఇదే వరస. నేనే గెలిచేవాణ్ని. ఒక్క ఆట తప్ప.

ఆ ఒక్కటీ మా మొదటి ఆట. అప్పుడు నాకు ఇరవై రెండు. సుంకులమ్మ వాళ్ల నాయన ఎల్లప్ప మేస్త్రి గనిలో నాకు గురువు. ఆమె ఆయనకు సద్ది తెచ్చేది. ఒకనాడు నేను నలుగురిలో, "ఈ గనిలో నన్ను గెలిచిన మొగోడు లేడు" అన్నానట. "మొగోళ్లతోనే కదా ఆడింది" అని ఆమె సద్దిగంప దించి కూర్చుందట. మూడు పులులనూ కట్టి పడేసిందట. వారం తిరగకముందే నేను ఆమెను అడగడానికి మనుషుల్ని పంపాను. ఇంతవరకూ ఊరందరికీ తెలుసు. తగువంతా ఆ తరవాతి దాని మీదే.

"నేను కావాలనే ఓడినా మే."

"కావాలని ఓడేవాని మొఖం అట్లుండదు. నీకు చెమట కారిపోయింది."

"ఎండకు."

"రాతిగుండు నీడలో కూచ్చోని ఆడితిమి. ఎండ యాడిది?"

రోజూ ఆటకు ముందు ఈ నాలుగు మాటలూ అనుకోవాల్సిందే. అవి అనుకోకపోతే తిన్న సంగటి అరిగేది కాదు.

ఇక షమీమ్ సంగతి. గనిలో నాతో సమ్మెట కొట్టిన మస్తాన్ కూతురు. చిన్నప్పుడు నేను కోసిన బండల మీద సుద్దతో బొమ్మలు గీసి తిట్లు తినేది. పెద్ద చదువులు చదివింది. జమ్మలమడుగులో బండలు నునుపు చేసే షెడ్డు మీద రెండు గదులు తీసుకుని 'ఆటలమూట' అని పెట్టింది.

"ఇది కంప్యూటర్ ఆటల అంగడి తాతా. ఎవురైనా, ఏ దేశంలో ఉన్నా, ఈడికి వచ్చి నచ్చిన ఆట మీద వేలు ఆనిస్తే చాలు, ఆట వాళ్లింటికి పోతాది."

"మోసేదెవురు?"

"ఎవురూ మొయ్యరు."

"దుమ్ము దులిపేది?"

"దుమ్మే ఉండదు."

"అట్లయితే అది అంగడి ఎట్లయితాది?" అన్నాను. ఆమె నవ్వింది కానీ ఆ నవ్వులో పస లేదు. పెద్ద పెద్ద అంగళ్లు వేరే ఉన్నాయట. వాటిలో వేలకొద్దీ ఆటలు. ఈమె మూట ఎవరు విప్పుతారు? అందుకని ఎవరి దగ్గరా లేని సరుకు ఒకటి తయారు చేసింది. సన్నని రాగితీగలతో నేసిన తలగుడ్డ. దాన్ని చుట్టుకుని ఆడితే, ఆ మనిషి తలలో ఉన్న ఆట మొత్తం, ఒడుపుతో సహా, యంత్రంలోకి దిగుతుంది. కొన్నవాడు నుదుటికి ఒక పట్టీ కట్టుకుని గంటసేపు కూర్చుంటే ఆ ఒడుపు వాడి తలకెక్కుతుంది. తరవాత ఆటలమూటలోనే ఒకరితో ఒకరు ఆడుకోవచ్చు.

"నీకేమీ కాదు తాతా. దీపంతో ఇంగో దీపం ముట్టిస్తే మొదటిది ఆరిపోతాదా? ముందు నా తలకే చుట్టుకొని చూసినా. పాముపటం ఆట ఎక్కించినా. చూడు, నాకేమన్నా అయిందా?"

ఏమీ కాలేదు. చక్కగానే ఉంది పిల్ల.

తలగుడ్డ చుట్టుకుని షమీమ్‌తో ముప్పై ఒక్క ఆటలు ఆడాను. వేడి వేడి రొట్టె నెత్తిన పెట్టుకున్నట్టుంది. అన్ని ఎత్తులూ వేశాను. అన్ని ఎకసెక్కాలూ ఆడాను. ఒక్క గుడ్డిపులి ఎత్తు మాత్రం వెయ్యలేదు.

అది మా గని ఆచారం. ఎల్లప్ప మేస్త్రి చెప్పేవాడు: "శిష్యునికి పదహారు పనులు నేర్పు. పదిహేడోది గుప్పిట్లో పెట్టుకో. గురువు చెయ్యి ఖాళీ అయితే శిష్యుడు మళ్లా ఇంటికి రాడు." గుడ్డిపులి నా పదిహేడోది. ఎదురుగా మేక దొరికినా పులి దాన్ని తినదు. కళ్లు కనబడనట్టు వెనక్కి, గీతల పైకొస అయిన కొండకొమ్ముకు పోతుంది. పులి ఖాళీ చేసిన చోటికి మేకలు ఆశగా ఎగబడతాయి. అప్పుడు వాటి వెనక దారి తెరుచుకుంటుంది. ఆడకపోతే సరిపోదు, దాన్ని తలచుకోకూడదు కూడా, తలగుడ్డ లాగేసుకుంటుంది కదా. అందుకని అది మనసులోకి వచ్చినప్పుడల్లా పదిహేడో ఎక్కం చదువుకున్నాను. పదిహేడు ఒకట్ల పదిహేడు, పదిహేడు రెళ్ల ముప్పై నాలుగు. ఎంత తెలివైనవాణ్నో చూడండి.

మర్నాడు మధ్యాహ్నం సుంకులమ్మ బండ మీద చింతగింజలు పోసింది. నేను గీతల వైపు చూశాను.

"ఇదేం ముగ్గు మే?"

ఆమె పకపకా నవ్వింది. నవ్వదా మరి? ఒకసారి గోడలకు సున్నం కొట్టమంటే తప్పించుకోవడానికి నేను అరగంటసేపు చచ్చిపోయిన మొగుణ్ని. "నీ ఏషాలు నా దగ్గరనా" అని గింజలు నా మీదకు విసిరి లోపలికి పోయింది. రెండో రోజు కూడా అంతే. ఆ బండ నేనే చెక్కానని తెలుసు. ఏ గనిలో కోశానో తెలుసు. ఎందుకు చెక్కానో మాత్రం తెలియలేదు.

మూడో రోజు ఆమె గింజలు పొయ్యలేదు. ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూస్తూ అంది.

"ఆ పొద్దు గనిలో నేనే గెలిచినా."

జవాబు కోసం లోపల వెతికాను. మామూలుగా అది నోటి చివరే ఉండేది. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. గని లేదు, గుండు నీడ లేదు, సద్దిగంప లేదు.

"గెలిచింటావులే మే. నాకు తెల్దు."

యాభై ఏళ్లలో మొదటిసారి ఒప్పుకున్నాను. సంతోషపడాల్సిన మనిషి, మొహం తెల్లబారిపోయింది. జ్వరం చూసినట్టు నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"షమీమ్‌కు ఫోన్ చెయ్యి" అంది.

షమీమ్ స్కూటర్ మీద వచ్చింది. నన్ను ఏవేవో అడిగింది. పొలిమేర రాళ్ల నుంచి పెళ్లినాటి వంటల దాకా అన్నీ చెప్పాను. పులి అంటే అడవిలో ఉండేది అన్నాను. మేక అంటే పక్కింటి నారాయణ కొట్టంలో ఉండేది అన్నాను. పులిజూదం అంటే మాత్రం నోరు తెరిచాను. ఎక్కాలు అడిగితే పదిహేడోది ఒక్కటీ రాలేదు.

"ఇట్లెట్ల అయింది? నాకేం కాలేదే!"

సుంకులమ్మ ఆమెను తేరిపార చూసింది. "ఏమ్మా, పాముపటంలో పాము నోట్లో పడితే ఏమయితాది?"

షమీమ్ చాలాసేపు ఆలోచించింది. "పాము... దారి ఇస్తాదా అవ్వా?"

ఇస్తుంది, ఇస్తుంది, ఇచ్చి టీ కూడా పోస్తుంది! పాపం, ఆ ఆట ఆమె తలలోంచి కూడా పోయింది. పాముపటంలో ఒడుపేముంది గనక, పందెం పడితే ఎక్కడం, పాము కరిస్తే జారడం. పోయినా తెలియలేదు. షమీమ్ అరుగు మీదే చతికిలబడింది.

అప్పుడామె చెప్పినదాన్ని నేను నా భాషలోకి మార్చుకున్నాను. గనిలో బండ లేపే మోకుకు మేమొక ముడి వేసేవాళ్లం. కొత్తగా వచ్చినవాడు ఆ ముడి ఎలా వేశారో తెలుసుకోవాలంటే విప్పి చూడాలి. విప్పాక తెలుస్తుంది. కానీ ముడి ఉండదు. తలగుడ్డ చేసిందదే. నా తలలో ముడి విప్పి చూసి, చూసినదాన్ని రాసుకుంది. రాసుకున్నదాన్ని ఎన్ని లక్షల మందికైనా ఇవ్వగలదు. అప్పటికే ఇస్తోంది కూడా, షమీమ్ నా ఆటను అంగట్లో పెట్టేసింది. మోకు మాత్రం నున్నగా మిగిలింది.

"ఆ పట్టీ నాకే కట్టి నా ఆట నాకు తిరిగి పొయ్యరాదా?"

కట్టింది. మూడు గంటలు కూర్చున్నాను. చెమటకాయలు వచ్చాయి కానీ ఆట రాలేదు. యంత్రం విప్పిన చోట మళ్లీ యంత్రంతో ముడి పడదట. "చేత్తో వేస్తే పడొచ్చు తాతా. కొత్తగా నేర్చుకుంటే. కానీ పాత ఆటలు, పాత జ్ఞాపకాలు..." అని ఆగిపోయింది. సంచిలోంచి తలగుడ్డ తీసి మా కత్తెర అడిగింది. మా ముందే దాన్ని ముక్కలు ముక్కలు కత్తిరించింది. "ఇంగ ఎవురి తలా విప్పను" అంది. రాగితీగల ముక్కలు మా గడపలో ఇప్పటికీ కాలికి గుచ్చుకుంటాయి.

సుంకులమ్మ నాకు ఆట నేర్పడానికి కూర్చుంది. నేను పులిని మేక నడిపినట్టు నడిపాను. మేక చేత పులిని తినిపించబోయాను. ఆమె కాసేపు చూసి గింజలు చేటలో పోసేసింది.

"ఆట నేర్చుకుంటావులే. ఎవురైనా నేర్చుకుంటారు. నాకు కావాల్సింది అది కాదు" అంది. అటు తిరిగి కూర్చుంది. "ఆ తగువు నేను ఒక్కదాన్నే ఎట్ల ఆడేది?"

ఆ మాటకు నాకు ఎకసెక్కం తట్టలేదు. నాకు ఎకసెక్కం తట్టకపోవడం మా ఊళ్లో వాన రాని ఏడు కంటే పెద్ద వార్త.

నాలుగు రోజులు చూసి, ఐదో రోజు ఆమె షమీమ్‌కు కబురు చేసింది. "నా మొగుని ఆట ఎవురెవురి తలకాయల్లో ఉండాదో నేను చూడాల" అని. షమీమ్ ఒక పలక తెచ్చి ఇచ్చింది, కంప్యూటర్ పలక. అందులో పులిజూదం గీతలు, పైన ఎదుటివాళ్ల మొహం. సుంకులమ్మ మేకలు తీసుకుంది. మొట్టమొదట తగిలినవాడు బ్రెజిల్ ఒటావియో. బట్టతల, గుబురు మీసం. వాడు పులిని కదిలించబోతూ ఎడమచెవి వెనక గోక్కున్నాడు. గోక్కుని, ఒక కన్ను మూసి, నిఖార్సైన మా జమ్మలమడుగు యాసలో అన్నాడు.

"మేకా మేకా, మీ అవ్వకు చెప్పొచ్చినావా?"

సుంకులమ్మ పలక ఒళ్లో పడేసుకుని నవ్వింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. అవి ఉత్త నవ్వు నీళ్లే కావని నాకు తెలుసు. ఆ ఎకసెక్కం నాది. దాని అర్థం ఒటావియోకు తెలియదు, అది నాదని నాకు గుర్తులేదు. గుర్తున్నది ఆమె ఒక్కదానికే.

ఆ తరవాత మా ఇంట్లో రాజ్యం మారింది. మా ఆవిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నలభై దేశాల ఓబులేసులతో తగువులాడుతోంది. నేను మజ్జిగ అందిస్తున్నాను. నాలుగు లక్షల మంది ఓబులేసుల్లో ఆమెకు పనికిరానివాణ్ని నేనొక్కణ్నే. పైగా అందరినీ గెలుస్తోంది! ఆటలమూటలో ఆమె పేరు పక్కన కిరీటం బొమ్మ వేశారు. జపాన్‌లో ఎవరో ఆమె బొట్టుతో సహా బొమ్మ గీసి పెట్టుకున్నారట. పది రోజులు ఊరంతా ఊరేగినట్టు తిరిగింది. పదకొండో రోజు పలక పక్కన పెట్టేసింది.

"ఏమ్మే, అలిసిపోయినావా?"

"గెలిచి గెలిచి నోరు చప్పగా అయిపోయింది" అంది. "ఒక్కడూ ఓడగొట్టడు. అంతా బాగా ఆడతారు, బాగా ఎకసెక్కాలు ఆడతారు, ఒక చోటికి వచ్చేసరికి చెయ్యి గాల్లో పెట్టుకొని ఆగిపోతారు. చెడిపోయిన గడియారం మాదిరి."

అదే రోజు షమీమ్ కూడా దిగాలుగా వచ్చింది. ఆటలమూటలో ప్రతి ఆట కింద కొన్నవాళ్లు తమ అభిప్రాయం రాస్తారు, చుక్కలు ఇస్తారు. మా ఆటకు మొదట ఐదుకు ఐదు చుక్కలు వచ్చాయి. ఇప్పుడు రెండుకు దిగిపోయాయి. ఆమె కొన్ని చదివి వినిపించింది.

'అద్భుతమైన ఆట, కానీ పూర్తి కాదు. పులి ముందు మేక ఉంది. తింటే చిక్కుకుంటానని తెలుసు. తినకుండా చెయ్యాల్సినది ఇంకేదో ఉందని తెలుసు. ఏమిటో తెలియదు. చెయ్యి గాల్లో ఆగిపోతుంది.'

'నా భర్త చెయ్యి భోజనాల దగ్గర కూడా ఆగిపోతోంది.'

'సరిగ్గా ఆ సమయంలో నాకు తెలియని భాషలో ఏవో అంకెలు చదవాలనిపిస్తుంది. ఇది ప్రార్థనా?'

"తాతా, ఎక్కించేటప్పుడు నువ్వేమన్నా దాచుకున్నావా?" అంది షమీమ్.

నేను కుడిచేతి గుప్పిట వైపు చూసుకున్నాను. ఆ గుప్పిట్లో ఒకటుంది. ఆ ఎత్తు నాకు తెలుసు. ఎక్కణ్నుంచి ఎక్కడికి చెయ్యి పోవాలో తెలుసు. అది ఏ ఆటలోదో, ఎందుకు వెయ్యాలో మాత్రం తెలియదు. తాళంచెవి నా దగ్గరుంది, ఇల్లు దేశాలపాలైంది.

"గుడ్డిపులి!" అని సుంకులమ్మ తొడ చరిచింది. "మా నాయన మాట పట్టుకొని పదిహేడోది మింగేసినాడు! తలకాయంతా దోచుకపోతాంటే ఈయప్ప గుప్పిట మూసుకొని కూచ్చున్నాడు!"

తిట్టిందో మెచ్చుకుందో ఆమెకే తెలియాలి.

షమీమ్ ఇంకొకటి చదవబోయి ఆగింది. "ఇది వేరే మాదిరి ఉంది అవ్వా. కెన్యా నుంచి వంజీరు అనే ఆమె రాసింది." మెల్లగా చదివింది.

'నా పులులు చిక్కుకోబోయేటప్పుడు ఒక వాసన వస్తుంది. రాతి దుమ్ము, మాడిన జొన్నరొట్టె. ఎదురుగా ఒక అమ్మాయి. ఆకుపచ్చ కొంగు నడుముకు దోపుకుంది. ఎడమచేతికి ఒక గాజు తక్కువ. ఆమె ఎవరో నాకు తెలియదు. ఓడిపోతానేమోనని నాకు భయం వేస్తుంది. గెలుస్తానేమోనని అంతకంటే ఎక్కువ భయం వేస్తుంది.'



"రొట్టె మాడలేదు" అంది సుంకులమ్మ. "ఆ పిల్ల అబద్ధం చెప్తాంది." ఎడమచేతి మణికట్టు తడుముకుంది. "గాజు మాత్రం వాస్తవమే. దారిలో గంప తగిలి పగిలింది. ఎవురికీ చెప్పలేదు నేను."

మా మొదటి ఆట బతికే ఉంది! నాలో లేదు, అంతే. ముక్కలు ముక్కలుగా ఊళ్లు పట్టుకుని తిరుగుతోంది. షమీమ్ వెతికి వెతికి తీసింది. పోలండు డాక్టరుకు గుండు నీడ గుర్తుంది. ఒటావియోకు మెడ మీద చెమట గుర్తుంది. ఒక్కొక్కటీ చదువుతుంటే నేను చెవులప్పగించి విన్నాను. ఎవరిదో పెళ్లికథ వింటున్నట్టుంది. ఆ కుర్రాడు నాకు బాగా నచ్చాడు.

సుంకులమ్మ కళ్లలో మాత్రం వేరే వెలుగు పుట్టింది. నాకు ఆ వెలుగంటే భయం. ఆ వెలుగుతోనే ఆమె ఒకసారి సర్పంచిని బోరింగు దాకా తరిమింది.

"షమీమ్, వీళ్లందరినీ ఒకేసారి పిలువు. యాభై ఏండ్ల తగువు ఈ పొద్దు తెగిపోవాల. ఈయప్ప కావాలని ఓడినాడా, నేనే గెలిచినానా? వాళ్లకు గుర్తుంటాది కదా!"

మర్నాడు సంగటి తిన్నాక పలకను గోడకు ఆనించి పెట్టారు. మూడు మొహాలు కనబడ్డాయి. ఒటావియో దేశంలో ఇంకా తెల్లవారుతోంది, అయినా లేచి దువ్వెన చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. వంజీరు బస్సు ఆపించి ఎక్కినవాళ్లందరినీ పోగేసింది. డాక్టరు వెనక కుర్చీలో ఒక రోగి నోరు తెరుచుకునే ఉన్నాడు. వాళ్ల మాటలను కంప్యూటర్ తెలుగు చేస్తోంది, ఎకసెక్కాలు మాత్రం సొంతంగానే తెలుగులో వస్తున్నాయి.

కానీ సుంకులమ్మ అడిగినదానికి ముగ్గురూ తలలు అడ్డంగా ఊపారు. ఆ ఆట చివరిదాకా ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఒకే చోట తెగిపోతోంది. మూడో పులి ముందు మేక ఉంటుంది, చెయ్యి గాల్లోకి లేస్తుంది, అంతే.

"ఆ చోటుకు బండ మీద అన్నీ పేర్చండి" అంది సుంకులమ్మ.

వాళ్లు చెప్పారు, షమీమ్ పెచ్చులు పెట్టింది. మేకలను సుంకులమ్మ తానే పెట్టుకుంది, యాభై ఏళ్లయినా ఒక్క గింజ తప్పలేదు. రెండో పులి దగ్గర పేచీ వచ్చింది. ఒటావియో ఒక గీత పైన అన్నాడు, వంజీరు కింద అంది.

"నీ మొఖం, పులి ఆడ లేదు!" అన్నాడు ఒటావియో.

"నీ కండ్లు చింతగింజలా?" అంది వంజీరు.

రెండూ నా గొంతులే. నాతో నేనే పోట్లాడుకుంటుంటే బస్సులోవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. చివరికి సుంకులమ్మ తేల్చింది, పైనే అని. షమీమ్ చివరి పెచ్చు పెట్టింది.

"ఈ మూడో పులి ఆ మేకను తినింది. తినినాక నేను కట్టేసినా" అంది సుంకులమ్మ. "తినకుండా ఇంగేమన్నా దారి ఉండెనా ఆ పొద్దు? అది తేలాల. ఏమయ్యా, చూడు."

నేను బండ వైపు చూశాను. నాకది ఇంకా గీతల ముగ్గే. ఏది ఎందుకుందో తెలియదు. కానీ నా కుడిచెయ్యి గుప్పిట విప్పుకుంది. నేను విప్పలేదు. అది మూడో పులిని పట్టుకుంది, ఎదురుగా ఉన్న మేకను చూడనట్టే వదిలేసింది, వెనక్కి, కొండకొమ్ము మీదికి తీసుకుపోయి పెట్టింది.

సుంకులమ్మ వంగి చూసింది. ఒక మేకను కదిపింది. తల ఊపి వెనక్కి పెట్టింది. ఇంకొకటి కదిపింది. ఎటు కదిపినా ఏదో ఒక పులికి దారి తెరుచుకుంటోంది. పదిహేను చింతగింజలకూ చావే.

పలకలోంచి ఒక్కసారిగా కేకలు లేచాయి. ఒటావియో దువ్వెన గాల్లోకి ఎగరేశాడు. వంజీరు బస్సు హారన్ ఆగకుండా మోగింది. డాక్టరు తన చెయ్యి పైకెత్తి, కిందికి దించి, మళ్లీ ఎత్తి, దించి, అది ఎక్కడా ఆగడం లేదని రోగికి చూపించాడు. చూసి నేర్చుకున్నారు కదా, పట్టీలూ తీగలూ అక్కర్లేకుండానే. నేను భయంభయంగా గుప్పిట చూసుకున్నాను. గుడ్డిపులి నా దగ్గర కూడా అలాగే ఉంది. చేత్తో ఇచ్చింది తరగలేదు. దీపం మాట షమీమ్ తప్పు చెప్పలేదు, అది మనుషులకే చెల్లుతుంది, యంత్రానికి కాదు, అంతే.

ఆ తరవాత షమీమ్ ఆటలమూటలో మా ఆట కింద ఒక మాట రాయించింది. 'ఇందులో పదహారు ఎత్తులు ఉన్నాయి. పదిహేడోది ఎవరినైనా కూర్చోబెట్టుకుని నేర్చుకోవాలి.' చుక్కలు మళ్లీ ఐదుకు ఎక్కాయి. నేర్పినవాడి ఇంటికి నేర్చుకున్నవాడు వెళ్తున్నాడట, పండో ఫలమో పట్టుకుని. ఎల్లప్ప మేస్త్రి ఇది చూసి ఉంటే మీసం మెలేసేవాడు.

అదంతా తరవాత. ఆ మధ్యాహ్నం పలకలో మొహాలు మాయమయ్యాయి, షమీమ్ స్కూటర్ మలుపు తిరిగింది. సుంకులమ్మ బండ ముందు నుంచి లేవలేదు. కొండకొమ్ము మీద ఉన్న పులినే చూస్తోంది.

"దారి ఉండింది" అంది.

"ఉండింది మే."

"మా నాయన ఈ ఎత్తు నీకు పెండ్లయినాక నేర్పినాడని కదా నేను ఇన్నేండ్లూ అనుకుంటి." తలెత్తి నా మొహంలోకి చూసింది. "వాళ్లకు ఈ ఎత్తు పోలేదు. నీకాడనే ఉండాది. ఎప్పుడు నేర్చుకున్నావో అది కూడా నీకాడనే ఉంటాది. నిజం చెప్పు. ఆ పొద్దు నీకు ఇది తెలుసునా?"

ఉంది. గుడ్డిపులి ఎవరు నేర్పారో, ఎప్పుడో, ఆ రోజు ఎండ ఎలా ఉందో, అన్నీ గుప్పిట్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. పెళ్లికి ముందా, తరవాతా? ఈ భూమ్మీద అది తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నాలుగు లక్షల మంది ఓబులేసులకు తెలియదు. నేను మెల్లగా గుప్పిట మూశాను.

"చెప్తా" అన్నాను. "నన్ను గెలిచిన పొద్దు చెప్తా."

"నీకు ఆటే రాదు కదయ్యా! ఇప్పుడు కూచ్చో, ఇప్పుడే గెలుస్తా!"

"ఆట రానోన్ని గెలిస్తే అదేం గెలుపు? ఊళ్లో నవ్వుతారు. బాగా నేర్పియ్యి. నేర్చుకున్నాక గెలువు. అప్పుడు చెప్తా."

ఆమె నన్ను మింగేసేలా చూసింది. పాత మనిషి చూపు. మూడు వారాల తరవాత మా అరుగు మీదికి మళ్లీ వచ్చింది ఆ చూపు.

"దొంగ నాయాలు" అంది. "ఆ పొద్దు నేనే గెలిచినా."

"కావాలనే ఓడినా మే."

నాకు గుర్తులేదు. అయినా అన్నాను. వంజీరు చెప్పింది, ఒటావియో చెప్పాడు, డాక్టరు చెప్పాడు. ముగ్గురు సాక్షులుంటే ఎవడి కథనైనా మన కథ అనుకోవచ్చు. ఆమె పైకి నవ్వకుండా పెదవి కొరుక్కుని, చేటలోంచి చింతగింజలన్నీ బండ మీద కుమ్మరించింది. ఒక రాతిపెచ్చు తీసి నా కళ్ల ముందు పెట్టింది.

"ఇది పులి."

"కరుస్తాదా?" అన్నాను.

ఆమె విసిరిన చింతగింజ సూటిగా వచ్చి నా ఎడమచెవి వెనక తగిలింది. అక్కడ, సన్నగా, దురద మొదలైంది.